నడుము క్లిప్పు

నోట్లో మూడు క్లిప్పులు కరిచిపట్టుకుని, భుజం మీద తడి తువ్వాలు వేసుకుని, వసారాలో తీగ మీద బట్టలు ఆరేస్తోంది ఆమె. ఆరెయ్యడమంటే అందరూ ఆరేసినట్టు కాదు. పెద్దకూతురి చొక్కా భుజాలు సరిచేసి, కాలరు నిలబెట్టి, చేతులు నడుం మీద ఆనించుకున్నట్టు మడిచి మరీ క్లిప్పు పెడుతుంది. చిన్నదాని గౌను కుచ్చులు విడదీసి, ఇప్పుడే గిర్రున తిరిగి ఆగినట్టు ఒక పక్కకి వాలుస్తుంది. ఒకసారి దారిన పోయే పెద్దమనిషెవరో తలెత్తి చూసి, "ఆ చారల చొక్కా ఎంతకిస్తారమ్మా?" అని కేకేశాడు. ఆ చొక్కా ఎప్పుడు ఆరుతుందా అని ఇంటాయన లోపల బనీనుతో కూర్చుని ఉన్నాడప్పుడు.

తప్పు ఆమెది కాదు, ఉద్యోగానిది. బజారులో మూడంతస్తుల బట్టల దుకాణం ఒకటుంది. దాని ముందువైపు అద్దాల వెనక వరసగా నిలబడే బొమ్మలకి బట్టలు తొడగడం ఆమె పని. దుకాణంలో అందరూ ఆమెని బొమ్మలావిడ అంటారు. బొమ్మలకి ఏం తొడిగినా బాగుంటుంది. వాటికి పిల్లల్లేరు, కంచాల్లో మిగిలింది పారెయ్యలేక తినే అలవాటూ లేదు. వాటికి తొడిగి తొడిగి, ఏ గుడ్డ చేతికి దొరికినా భుజాలు నిలబెట్టకపోతే ఆమెకి తోచదు.

తన బట్టలు మాత్రం వెనక తీగ మీద, దుప్పటి చాటున ఆరేసుకునేది. మోచేతుల దగ్గర పల్చబడినవి, మెడ దగ్గర సాగినవి, ఒకప్పుడు ఏ రంగువో ఇంట్లో అత్తగారికి తప్ప ఎవరికీ గుర్తులేనివి. పెద్దదాని బూట్లు, చిన్నదాని దగ్గుమందు, ఇంటద్దె, అన్నీ అయి ఆమె వంతు వచ్చేసరికి నెల అయిపోయేది. వచ్చే నెల చూద్దాంలే అనుకునేది. ఆ వచ్చే నెల కూడా ఈ నెల లాగే వచ్చేది.

పెద్దది బడిసంచీ తగిలించుకుని వసారా గుమ్మంలో ఆగింది. పద్నాలుగేళ్ళది. రోజూ ఆ గుమ్మంలో ఆగి, తల్లిని కింద నుంచి పైదాకా ఒకసారి చూసి, ఏదో ఒక మాట అంటే గాని కదలదు.

"ఇదేసుకునే పనికెళ్తావా?"

"ఊఁ," అంది తల్లి క్లిప్పుల మధ్య నుంచి.

"మొన్నటిదే నయం. దానికి గుండీలన్నా ఒకే రంగు." ఎటో చూస్తూ అంది: "సాయంత్రం మా బడికి నాయనమ్మని పంపించు. నువ్వెలాగూ అలిసిపోయి వస్తావు కదా."

తల్లి చెయ్యి తీగ మీదే ఆగిపోయింది.

ఆ బడిలో ఏటేటా మాట్లాడే పోటీ పెడతారు. గెలిచిన పిల్లకి బ్యాడ్జి ఇస్తారు. టీచరు ఇవ్వదు; ఇంట్లో పెద్దవాళ్ళెవరో ఒకరు స్టేజీ ఎక్కి తమ చేత్తో పిల్ల చొక్కాకి పెట్టాలి. ఈసారి గెలిచింది పెద్దదే. తండ్రి బస్సు డ్రైవరు, సాయంత్రం డ్యూటీ ఎవరికీ మార్చుకోవడానికి దొరకలేదు. ఇక పెట్టాల్సింది తల్లి.

అలసట మాట ఉత్తదని తల్లికి తెలుసు. పోయినేడాది ఇదే కార్యక్రమానికి ఆమె పనిలోంచి నేరుగా వెళ్ళింది. మెడలో టేపు, కాలరు నిండా గుండుసూదులు, ఒంటి మీద వెలిసిన చొక్కా. గోడ పక్కన నిలబడి ఉంటే పట్టుచీరలో మెరిసిపోతున్న ఒకావిడ వచ్చి, తాగేసిన టీ కప్పు చేతిలో పెట్టి, "ఇది కూడా తీసుకుపో," అంది. చేతిలో ఎంగిలి కప్పు పెడితే తీసుకోవడం ఇంట్లో అలవాటే కాబట్టి ఈవిడా తీసుకుంది. అది చూసి ఇంకొకావిడ, ఆవిణ్ణి చూసి మరొకాయన. సంగతి అర్థమయ్యేసరికి చేతుల్లో కప్పుల గోపురం లేచింది. ఎదురుగా, స్నేహితురాళ్ళ మధ్య, పెద్దది నిలబడి చూస్తోంది.

ఇప్పుడు లోపల మంచం మీద నుంచి అత్తగారి గొంతు లేచింది. "నేనా? నా మోకాళ్ళు స్టేజీ మెట్లు ఎక్కవే తల్లీ. ఎక్కాయనుకో, దిగవు. అక్కడే అట్టేపెట్టుకుంటారా నన్ను, మైకు పక్కన?"

"అయితే ఎవరూ రావద్దు. టీచర్నే పెట్టమంటాను," అని పెద్దది మెట్లు దిగి వెళ్ళిపోయింది.

తల్లి నోట్లోంచి క్లిప్పులు తీసింది. "నేనే వెళ్తాను, అత్తయ్యా."

"వెళ్ళు. వెళ్ళక? కన్నదానివి," అంది అత్తగారు. ఆ వెంటనే, "ఏమేసుకుని వెళ్తావో అది చెప్పు ముందు," అంది.

ఆమె దుప్పటి చాటున ఉన్న వెనక తీగ వంక చూసింది.

*

జవాబు దుకాణంలో దొరికింది. ఆ రోజు అద్దాల వెనక బట్టలు మార్చే రోజు. ఎండాకాలం మొదటి నుంచీ నిలబడి ఉన్న ఒక బొమ్మ ఒంటి మీద నుంచి ముదురాకుపచ్చ డ్రెస్సు విప్పుతోంది ఆమె. మెడ నుంచి మడమల దాకా జారే డ్రెస్సు. ముందువైపు ఎండ తగిలి తగిలి ఎండుగడ్డి రంగుకి వచ్చేసింది. ఇలాంటివి అమ్మకానికి పనికిరావు. గచ్చు తుడిచే గుడ్డల్లోకి పోతాయి. విప్పుతూ విప్పుతూ ఆమె దాన్ని వెనక్కి తిప్పి చూసింది. వెనకవైపు ఎండ సోకలేదు. వానకి తడిసిన ఆకులా నిగనిగలాడుతోంది.

మెడ రెండు వైపులా ఒకే లోతు. తిప్పేసుకుంటే సరి.

"ఇది నేను తీసుకోనా సార్?" అని సూపర్‌వైజర్ని అడిగింది.

ఆయన డ్రెస్సునీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. "తీసుకో. కానీ ఇందులో నీలాంటివాళ్ళు ఇద్దరు పడతారు కదమ్మా."

నిజమే. అద్దాల వెనకకి వచ్చేవన్నీ ఎవరూ కొనని పెద్ద సైజులే. సన్నటి బొమ్మకి గోనెసంచీలాంటి డ్రెస్సు తొడిగి, వదులంతా వెనక్కి లాగి, వరసగా క్లిప్పులు పెట్టడమే ఆమె విద్య. అద్దం అవతల నిలబడినవాళ్ళకి వెనక కనపడదు. బొమ్మల వీపులు ఇన్నేళ్ళల్లో ఆమె తప్ప ఎవరూ చూడలేదు. ఆ క్లిప్పుల్లో కూడా నడుము దగ్గర పెట్టేది అన్నిటికీ పెద్దది. మిగతావి చుట్టపుచూపుగా వచ్చినట్టు ఊరికే పట్టుకుని వేలాడతాయి, బరువంతా దాని మీదే.

కుట్టు మాత్రం ఆమెకి రాదు. సూది చేతికిస్తే గుడ్డకంటే ముందు వేలు కుట్టుకుంటుంది. దర్జీ దగ్గరికి వెళ్ళే వేళా లేదు, వీలూ లేదు. సంచీలో డ్రెస్సు పెట్టుకుంది. దాని మీద క్లిప్పుల డబ్బా పెట్టుకుంది. బొమ్మకి చేసినదే తనకీ చేసుకుంటే పోలా అనుకుంది.

*

సాయంత్రం ఇంట్లో పెద్ద హడావిడి. అయిపోయిన లిప్‌స్టిక్కు గొట్టం అడుగున అగ్గిపుల్ల పెట్టి గీకితే పెదాలు రెంటికీ సరిపోయేంత వచ్చింది. చెప్పుల మీద గీతలకి పెద్దదాని నల్ల స్కెచ్ పెన్ను పూసింది. అయిదేళ్ళ చిన్నది మంచం మీద నిలబడి వెనక నుంచి క్లిప్పులు అందిస్తోంది. అత్తగారు తలగడకి ఆనుకుని పర్యవేక్షిస్తోంది.

"ఊపిరి బిగపట్టవే. ఇంకా. ఆఁ, ఇప్పుడు పెట్టు," అంది అత్తగారు.

"నడుము దగ్గరిది ముట్టుకోకు చిన్నమ్మా. అది ఊడితే ఇల్లంతా కూలిపోతుంది," అంది తల్లి.

"మన ఇల్లా?" అంది చిన్నది భయంగా.

"అమ్మ ఇల్లు," అంది అత్తగారు.

అన్నీ పెట్టాక ఆమె గోడకి ఉన్న చిన్న అద్దం ముందు నిలబడింది. ముఖం చూస్తే మెడ కనపడదు, నడుం చూస్తే ముఖం కనపడదు. ముక్కలు ముక్కలుగా చూసుకుని మనసులో అతికించుకుంది. అతికించుకున్న మనిషిని గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. ఆ మనిషి ఎప్పుడో పెళ్ళికి ముందు ఒకసారి కనపడి, మళ్ళీ కనపడలేదు.

ఆయన డ్యూటీకి బయలుదేరుతూ తలుపు దగ్గర బూటు లేసులు కట్టుకుంటున్నాడు. "బాగుంది," అన్నాడు.

"తలెత్తకుండానే ఎలా తెలిసిందండీ?"

ఆయన తలెత్తాడు. లేసు చేతిలోనే ఉండిపోయింది. "ఏదీ, ఒకసారి అటు తిరుగు," అన్నాడు.

"వెనక చూడకండి. మీకు బస్సు అద్దంలో ఎలాగూ రోజంతా అదే పని," అని ఆమె గోడకి అతుక్కుపోయింది.

ఆయన వెళ్ళాక అత్తగారు దగ్గరికి రమ్మంది. ముందు నుంచి చూసింది, వెనక నుంచి చూసింది. "ముందు నుంచి మహారాణివి. వెనక నుంచి ముళ్ళపందివి," అని తేల్చింది. తన చెవుల్లోని ముత్యాల కమ్మలు విప్పి చేతిలో పెట్టింది. "పెట్టుకో. నా చెవులు ఇప్పుడెవరు చూస్తారు? వాటికి వినపడితే చాలు. నీ శాలువా భుజాల మీంచి వెనక్కి వదిలేసుకో. ఎవరికీ వీపు చూపించకు. దీపాలు ఆర్పేదాకా కూర్చోకు."

"కూర్చుంటే ఏమవుతుంది నాయనమ్మా?" అంది చిన్నది.

"కూర్చుంటే అమ్మ లేస్తుంది, క్లిప్పులు లేవవు."

*

శాలువా బడి గుమ్మం దాటేదాకా బాగానే కాపాడింది. ఆ తర్వాత చిన్నది నీళ్ళు తాగుతానని కుళాయి దగ్గరికి వెళ్ళి, కుళాయి ఎటు తిప్పాలో తెలియక పూర్తిగా తిప్పేసి, గొంతు తప్ప మిగతా ఒళ్ళంతా తడుపుకుని వచ్చింది. పళ్ళు టకటకలాడిస్తూ ఎదురుగా నిలబడింది.

ఆమె శాలువా వంక చూసింది, పిల్ల వంక చూసింది. ఒక్క నిట్టూర్పు విడిచి, శాలువా తీసి పిల్లకి చుట్టేసింది.

అక్కడి నుంచి ఆమె గోడలని నమ్ముకుంది. హాలు గోడ వెంట పక్కపక్కగా ఎండ్రకాయలా నడిచి, కిటికీ పక్కన ఒక చోటు చూసుకుని వీపు ఆనించింది. క్లిప్పులు వీపులో గుచ్చుకుంటున్నాయి. అంచేత వెన్ను నిటారుగా, గడ్డం పైకి, పెదాల మీద బిగపట్టిన చిరునవ్వు. చూసేవాళ్ళకి అది హుందాతనంలా కనిపిస్తోంది.

ముందు వరసలో నుంచి ఒకావిడ తిరిగి చూసి, లేచి వచ్చింది. పళ్ళ డాక్టరుగారి భార్య. పోయినేడాది మొదటి టీ కప్పు ఇచ్చింది ఈవిడే.

"ఏమండీ, మిమ్మల్ని ఎక్కడో చూశానండీ."

"ఇక్కడే చూసి ఉంటారు," అంది ఆమె.

"ఆ రంగు చూడండి! ఎక్కడ కుట్టించారండీ? నడుము దగ్గర ఇంత ఒద్దికగా మా టైలరుకి చస్తే రాదు. ఒకసారి తిరగండి, వెనక డిజైను చూస్తాను."

ఆమె గోడలోకి ఇంకాస్త ఒదిగింది. "ఈ మోడలుకి వెనక ఉండదండీ."

"ఉండదా!" ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి.

"అంటే... ముందుకే ప్రాధాన్యం."

"అబ్బ, ఎంత కొత్తగా ఉందో! మా టైలరుకి చెప్తాను," అని ఆవిడ ఆ మాట మనసులో రాసుకుంటూ వెళ్ళిపోయింది.

స్టేజీ పక్కన తెర చాటు నుంచి పెద్దది తొంగి చూసింది. తల్లి వచ్చిందో లేదో చూడ్డానికి కాదు, రాలేదని ఖాయం చేసుకోవడానికి. చూపు గోడ వెంట వచ్చి, ఆకుపచ్చ డ్రెస్సు దాటి ముందుకి పోయి, చటుక్కున వెనక్కి వచ్చింది. నోరు తెరుచుకుంది. తల్లి ఆ మొహాన్ని హాలు ఇవతల నుంచే చదివింది. సిగ్గు కాదది. ఏమిటో ఇంకా తెలియదు గాని సిగ్గు మాత్రం కాదు. అది చాలనిపించింది.

పిల్ల మాట్లాడింది. బాగా మాట్లాడింది. తల్లికి ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. మెట్లెక్కేటప్పుడు ఏ వైపు నుంచి ఎక్కాలా అని లెక్కలు వేసుకుంటోంది. టీచరు పిలిచింది. చిన్నదాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, గోడ వెంట పోయి, జనానికి మొహం చూపిస్తూ, మెట్లు పక్కగా ఎక్కింది. "ఎంత వినయమో చూడండి, మనకి వీపు కూడా చూపించటం లేదు," అన్నారెవరో. స్టేజీ మీద ఆమె వెనక తెర తప్ప ఎవరూ లేరు. హమ్మయ్య అనుకుంది.

టీచరు బ్యాడ్జి అందించింది. ఆమె పిల్ల చొక్కాకి ఆనించి వెనక పిన్ను నొక్కింది. పిన్ను పుటుక్కున విరిగి చేతిలోకి వచ్చింది.

"అయ్యో," అంది టీచరు. "ఇంకో పిన్ను ఎవరి దగ్గరైనా ఉందా అమ్మా?"

ముందు వరసలోవాళ్ళు సంచీలు తడుముకున్నారు. ఫొటో తీసేవాడు ఒంటికన్ను మూసుకుని ఉన్నాడు. పిల్ల గుండె మీద బ్యాడ్జి వాలిపోతోంది, చొక్కా అక్కడ ముడతపడి ఉంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె ఎదురుగా ఏ గుడ్డా అలా వాలిపోయి నిలబడలేదు. ఆలోచించలేదు. బొమ్మ వెనక నుంచి తీసినంత అలవాటుగా చెయ్యి వెనక్కి పోయింది, అన్నిట్లోకీ గట్టి క్లిప్పు చూసి తీసింది, బ్యాడ్జికి పెట్టింది. ఒక అడుగు వెనక్కి వేసి, తల వాల్చి చూసుకుంది. దివ్యంగా నిలబడింది.

అప్పుడు గుర్తొచ్చింది అది ఏ క్లిప్పో.

టప్. మొదటిది తెరకి కొట్టుకుంది. టప్, టప్. ఒకటి మైకు మీద పడి హాలంతా మోగింది. నడుం పోయింది, ఆ తర్వాత భుజాలు జారాయి. మహారాణి చూస్తుండగానే ఊడిన గుడారంలో నిలబడ్డ మనిషైపోయింది. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు పిల్లలు కిసుక్కుమన్నారు. కుర్చీ మీద నిలబడి చిన్నది గొల్లుమంది: "అమ్మ ఇల్లు కూలిపోయింది!"

ఆమె పెద్దదాని మొహం వంక చూడలేదు. కప్పులు మోసిన రోజు చూసింది ఒకసారి, చాలు. రెండు చేతులా డ్రెస్సు పట్టుకుని, దిగిపోవడానికి మెట్లెటో వెతుక్కుంటోంది.

వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు. రెండు చేతులు వదులు గుడ్డనంతా కుప్పగా దగ్గరికి తీసి, గుప్పిట్లో మెలితిప్పి బిగించాయి. డ్రెస్సు మళ్ళీ ఒంటికొచ్చింది.

"కదలకు," అంది పెద్దది ఆమె చెవిలో. "ఎన్ని పెట్టావమ్మా?"

"డబ్బా అంతా."

"నడుముది తీస్తారా ఎవరైనా? చిన్నప్పుడు దుకాణంలో నేను తీస్తే నా చెయ్యి మీద కొట్టావు గుర్తుందా?"

"బ్యాడ్జి వాలిపోతుంటే చూడలేకపోయానే."

వీపు మీద పిల్ల నుదురు ఆనింది. పిల్ల ఒళ్ళు అదురుతోంది. ఏడుస్తోందేమో అనుకుంది తల్లి. కాసేపటికి గాని తెలియలేదు, నవ్వు ఆపుకోలేక ముఖం దాచుకుందని.

"ముందుకి నడు. చిన్న చిన్న అడుగులెయ్యి. నవ్వించకు, వదిలేస్తాను."

ఇద్దరూ ఒకరి వెనక ఒకరు అతుక్కుని మెట్లు దిగారు, హాలు మధ్యలో నుంచి నడిచారు. పెద్దది స్నేహితురాళ్ళ ముందు నుంచి కూడా అలాగే నడిచింది, గుప్పిట వదల్లేదు. పళ్ళ డాక్టరుగారి భార్య చేతులు జోడించినంత పని చేసింది. "ఎంత ప్రేమండీ తల్లంటే! మావాడు పక్కన కూడా నిలబడడు," అంది. ఆ వెనక చిన్నది శాలువా ఈడ్చుకుంటూ, రాలిన క్లిప్పులు ఏరుకుంటూ వచ్చింది.

ఇంటిదాకా ముగ్గురూ అలా రైలుబండిలాగే వెళ్ళారు.

*

మర్నాడు పొద్దున్న వసారాలో ఆమె బట్టలు ఆరేస్తోంది. ఆకుపచ్చ డ్రెస్సు వెనక తీగ మీద కాదు, ముందు తీగ మీదే ఆరేసింది, నిగనిగలాడే వైపు వీధికి తిప్పి. ఒంటి మీద మాత్రం పాత చొక్కాయే, రెండు రంగుల గుండీలది. లోపల కమ్మలు తిరిగి పెట్టుకున్న అత్తగారు కాఫీ గ్లాసు నోటి దగ్గర ఆపి గుమ్మం వైపు చెవి ఒగ్గింది.

పెద్దది సంచీ తగిలించుకుని వచ్చి గుమ్మంలో ఆగింది. తల్లిని కింద నుంచి పైదాకా చూసింది.

తల్లి చేతులు తీగ మీద ఉన్నాయి, నోటినిండా క్లిప్పులున్నాయి. ఏమంటుందోనని వీపు బిగపట్టుకుని నిలబడింది.

పిల్ల తీగ మీద నుంచి తన సాక్సుకి ఉన్న క్లిప్పు లాగింది. తల్లి వెనక్కి వచ్చి, ఆ సాగిపోయిన చొక్కా వదులంతా వెన్ను మధ్యకి దగ్గరగా మడిచి, సరిగ్గా నడుము దగ్గర క్లిప్పు పెట్టింది. ముందుకి వచ్చింది. ఒక అడుగు వెనక్కి వేసి, తల ఒక పక్కకి వాల్చి చూసింది. కాలరు కొస కొంచెం పైకి లాగింది. మళ్ళీ చూసింది.

తర్వాత కింద పడిన సాక్సు తీసి, తడిదే అయినా కాలికి వేసుకుని, బూట్లు తొడుక్కుని, ఒక్క మాటా అనకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.